పూర్తి ప్రతిఫలం

విడిపోతున్న మొగుడూ పెళ్లాలు ఉమ్మడి ఇల్లు అమ్మడానికి వస్తే నేను ముందు చేసే పని కుర్చీలు సర్దడం. ఒకటి ఫ్యాను కింద వేస్తాను, ఇంకొకటి గుమ్మం దగ్గర. కొనేవాళ్లను మధ్యలో కూర్చోబెడతాను. హైదరాబాదు పడమటి వైపు, ఒక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా నా దస్తావేజుల దుకాణం. కొత్తగా పెళ్లయిన జంటలు ఇద్దరి పేర్ల మీదా ఫ్లాటు రాయించుకోవడం చూశాను. ఏడెనిమిదేళ్లకు అదే జంట అదే ఫ్లాటు అమ్ముకోవడానికి రావడమూ చూశాను. కొనే రోజు ఒకరి బొటనవేలికి అంటిన సిరా ఇంకొకరు తుడుస్తారు. అమ్మే రోజు గుడ్డపేలిక నేనివ్వాలి.

ఈ జంటది కొండాపూర్‌లో మూడు పడకగదుల ఫ్లాటు, 1,750 చదరపు అడుగులు. లోను ఇద్దరూ కలిసి కట్టారు, తీరిపోయింది. ఆయనది సాఫ్ట్‌వేరు, ఆవిడది బ్యాంకు ఉద్యోగం. పిల్లలు లేరు. గొడవలు పెంచుకోకుండా పరస్పర అంగీకారంతో విడిపోదామనుకున్నారు. హిందూ వివాహ చట్టం 13బి సెక్షను కింద ఇద్దరూ కలిసి ఒకే అర్జీ వేస్తారు. వేసినప్పుడు ఒకసారి, ఆరు నెలలు ఆగి ఇంకోసారి జడ్జి ముందు నిలబడి ‘మా ఇష్టంతోనే’ అని చెప్పాలి. ఆ రెండోసారి చెప్పేలోపు ఇద్దరిలో ఎవరు కాదన్నా మొత్తం మొదటికొస్తుంది. గడువు మాఫీ చేసే వీలుందని సుప్రీంకోర్టు చెప్పింది గానీ, అది తర్వాతి మాట. అప్పటికి మాత్రం ఆరు నెలలంటే ఆరు నెలలే.

ఫ్లాటు ధర 84 లక్షలకు తెగింది. ఈ సంగతి నాకు తెలుసు, మధ్యవర్తికి తెలుసు, కొనేవాడికి తెలుసు. ఆవిడకు మాత్రం 48 అని చెప్పారు.

48 ఎందుకంటే, 50 లక్షలకు చేరితే కొనేవాడు అందులో ఒక శాతం టీడీఎస్ కోసి కట్టాలి. అంతదాకా పోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. సర్కారు విలువ ఎలాగూ 48కి లోపే ఉంది. కాబట్టి వైటు 48, బ్లాకు 36. మా వీధిలో ఇది రోజూ ఉండే బాగోతమే. కాకపోతే మామూలుగా అమ్మేవాళ్లంతా ఒక్కటై సర్కారుకు టోపీ పెడతారు. ఇక్కడ అమ్మేవాళ్లిద్దరిలో ఒకరు, ఆ టోపీ కిందికే రెండోవారిని కూడా తోశారు.

ఆవిడకు కొండాపూర్ ధరలు తెలియవా? బ్యాంకులో లోన్ల సెక్షన్లో కూర్చునే మనిషి. అడిగింది కూడా.

“ఇంతేనా వచ్చింది?”

“మార్కెట్ అలా ఉంది. ఏం, నా మీద నమ్మకం లేదా?” అన్నాడాయన.

నమ్మకం ఉంటే ఈ కుర్చీల ఏర్పాటు ఎందుకని నేను మనసులో అనుకున్నాను. ఆవిడ మాత్రం ఏమీ అనలేదు. వకీలు పంపిన ఒప్పందం చిత్తుప్రతి రెండుసార్లు చదివింది. ఎవరి బంగారం వారిది, కారు ఆయనది, ఫ్లాటు మీద వచ్చింది చెరి సగం, మనోవర్తి ఆవిడకు అక్కర్లేదు. అంతా చదివి నా వైపు తిరిగింది.

“రైటర్ గారూ, చివర్లో ఒక్క వాక్యం చేరుస్తారా?”

నేను కీబోర్డు మీద వేళ్లు పెట్టాను. ఆవిడ తడుముకోకుండా చెప్పింది: ‘పై ఫ్లాటు అమ్మకం మీద ఉభయులలో ఎవరికైనా ఇందులో రాసినదానికి మించి సొమ్ము ముట్టినట్లు తేలిన ఎడల, అట్లు ముట్టిన మొత్తంలో సగం రెండవవారికి చెల్లించవలెను.’

ఆయన పెద్దగా నవ్వాడు. “రాయండి రైటర్ గారూ. కామాలు కూడా పెట్టండి.” ఆవిడ జిరాక్సుకని బయటికి వెళ్లగానే నా బల్ల మీదికి వంగాడు. “తేలిన ఎడల అట! తేల్చేదెవరు? కొన్నవాడు చెప్పడు, నేను చెప్పను. మీరు చెప్తారా?”

నేనెందుకు చెప్తాను? మా వృత్తిలో చూసినదంతా చెప్పడం మొదలుపెడితే సాయంత్రానికి షట్టరు దింపుకోవాలి.

ఇక రోజు దగ్గర పేచీ వచ్చింది. కార్తీకమాసం, శుద్ధ అష్టమి, మంగళవారం. ఆ రోజున మా ఆఫీసుకు వచ్చేవాళ్లే తక్కువ. స్లాట్లన్నీ ఖాళీ. మధ్యవర్తి కాళ్లావేళ్లా పడ్డాడు. “సార్, అష్టమి మంగళవారం లక్ష్మి చేతులు మారకూడదు. రేపు నవమి, అదీ బాగోదు. శుక్రవారం దివ్యంగా ఉంది, శుక్రవారం పెట్టుకుందాం.”

“విడాకులకు ముహూర్తమేమిటయ్యా?” అన్నాడాయన. గురువారం కోర్టులో అర్జీ వేయాలి. ఈలోపు ఫ్లాటు లెక్క తేలిపోవాలి. ఆర్నెల్ల గడువు ఒక్క రోజు ముందు మొదలైనా మంచిదేనని ఆయన తొందర. కంపెనీ అమెరికా పంపిస్తోందట. అక్కడ ఎవరో ఎదురుచూస్తున్నారని కూడా విన్నాను. అది నాకనవసరం.

అలా మంగళవారమే ఖాయమైంది.

కొనేవాడు బట్టల వ్యాపారి. అమ్మేవాళ్లిద్దరికీ చెరో 24 లక్షలకు బ్యాంకు డీడీలు తెచ్చాడు. ఆవిడ తన డీడీని వెలుగుకేసి పట్టి, బ్రాంచి పేరు, తేదీ, సంతకాలు చూసి, నంబరు డైరీలో రాసుకుని మడిచి పెట్టుకుంది. బ్లాకు లెక్క ఆవిడ రాకముందే, పొద్దున తొమ్మిదింటికే నా దుకాణం వెనక గదిలో అయిపోయింది. వ్యాపారి రెండు సంచులు తెచ్చాడు.

“అన్నా, దుకాణం గల్లా కదా, వంద నోట్లు ఒక ఆరు లక్షల దాంక ఉన్నయ్. కలిపి ఇయ్యనా?”

ఆయన మొహం చిట్లించాడు. “వందలా? అరవై కట్టలు ఎవడు మోస్తాడు? అన్నీ వెయ్యి నోట్లే ఇవ్వండి.”

“మీ ఇష్టం అన్నా.” వ్యాపారి వందల సంచి పక్కకు జరిపి, వెయ్యి నోట్ల కట్టలు ముప్ఫై ఆరు లెక్కపెట్టి ఇచ్చాడు. ల్యాప్‌టాప్ బ్యాగులో ముచ్చటగా ఇమిడిపోయాయి. జిప్పు కూడా హాయిగా పడింది.

పదకొండున్నరకు లోపల పిలిచారు. ఫొటోలు, వేలిముద్రలు, సాక్షుల సంతకాలు. స్టాంపు డ్యూటీ, బదిలీ పన్ను, రిజిస్ట్రేషను ఫీజు కలిపి అప్పట్లో ఆరు శాతం, 48 మీద 2,88,000 రూపాయల చలానా వ్యాపారే కట్టాడు. సబ్ రిజిస్ట్రార్ అలవాటు ప్రకారం తలెత్తకుండానే అడిగాడు, “పూర్తి ప్రతిఫలం ముట్టిందా?”

“ముట్టింది సార్” అని ఆయన గట్టిగా చెప్పాడు.

“నాకు 24 లక్షలు ముట్టింది” అంది ఆవిడ.

అందరూ ఎవరి దారిన వాళ్లు పోయారు. ఆయన వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టి, ఫీజు మీద మరో ఐదు వందలు పెట్టి వెళ్లాడు. అంత ఉదారంగా ఆయన్ని నేను మళ్లీ చూడలేదు.

ఆ రాత్రి స్నేహితులను మాదాపూర్‌లో ఒక బారుకు తీసుకెళ్లాడట. ఫోను సైలెంటులో పెట్టాడు. ఎనిమిదికి కూర్చుంటే పదిన్నరయింది లేచేసరికి. బిల్లు ఆరువేల చిల్లర. ల్యాప్‌టాప్ బ్యాగు జిప్పు కాస్త తీసి, కట్టలోంచి ఏడు వెయ్యి నోట్లు లాగి ప్లేటులో పెట్టాడు. వెయిటరు ప్లేటు తీసుకోలేదు.

“కార్డు ఉందా సార్?”

“ఎందుకయ్యా, డబ్బులిస్తుంటే?”

“టీవీ చూడలేదా సార్? ఇవి పన్నెండు దాకే. మా ఓనర్ తీసుకోవద్దన్నాడు.”

2016 నవంబరు 8, పెద్ద నోట్లు రద్దయిన రాత్రి.

మర్నాడు నేను షట్టరు ఎత్తేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. బ్యాగు ఒళ్లో చంటిపిల్లలా పడుకుని ఉంది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. రాత్రి పదకొండు దాటాక బంగారం షాపులకు పరిగెత్తాడట. అక్కడ అప్పటికే తనలాంటివాళ్లు రోడ్డు దాకా నిలబడి ఉన్నారు. పన్నెండు కొట్టేసరికి ఇంకా గేటు దగ్గరే ఉన్నాడు.

“రైటర్ గారూ, దస్తావేజు రద్దు చేసేద్దాం. ఆయన డబ్బు ఆయనకిచ్చేస్తా, నా ఫ్లాటు నాకిచ్చేయమనండి.”

“రద్దు చేయాలంటే కొన్నాయన కూడా వచ్చి సంతకం పెట్టాలి సార్. మేడమ్ గారు కూడా.”

మేడమ్ అనగానే ఉలిక్కిపడ్డాడు. సరే, ముందు కొన్నాయనకైనా చేయండన్నాడు. ఫోను స్పీకర్లో పెట్టాను. అవతల గుడి గంటలు వినిపిస్తున్నాయి. వ్యాపారి యాదగిరిగుట్టలో ఉన్నాడు, తెల్లారకముందే బయల్దేరాడట. మొక్కు తీర్చుకోవడానికి కారణం వేరే చెప్పాలా!

“ఏ ముప్ఫై ఆరు అన్నా?” అన్నాడు చాలా మర్యాదగా. “కాగితంల నలభై ఎనిమిదే కదా ఉన్నది. అంత ముట్టిందని మీరే కదా సార్ ముంగట చెప్పిన్రు.” ఒక క్షణం ఆగి, “వంద నోట్లు ఇస్తనంటే వద్దంటిరి” అన్నాడు. పెట్టేశాడు.

ఇక గురువారం సంగతి. ఏ గురువారం కోసమైతే అష్టమి మంగళవారాన్ని లెక్కచేయలేదో, ఆ గురువారమే బ్యాంకులు మళ్లీ తలుపులు తెరిచాయి. ఆవిడ బ్రాంచి ముందు తెల్లవారుజామునుంచే జనం. సిబ్బందికి సెలవులు లేవు, ఆ వారం శనివారం, ఆదివారం కూడా పని చేయించారు. ఆవిడ కోర్టుకు రాలేకపోయింది. అర్జీ డిసెంబరుకు పోయింది. అంటే, శుక్రవారం రిజిస్ట్రేషను పెట్టుకున్నా ఆయనకు పోయేదేమీ ఉండేది కాదు. పాత వెయ్యి నోటు శుక్రవారం నాడు ఇస్తానన్నా ఎవరూ తీసుకునేవారు కాదు మరి.

ఆ తర్వాత రెండు వారాలు ఆయన తిరగని చోటు లేదు. నోట్లు మార్చిపెడతామనే మధ్యవర్తులు ఎక్కడ చూసినా పుట్టుకొచ్చారు. ఒకడు నూటికి ముప్ఫై పోతుందన్నాడు, ఇంకొకడు నలభై అన్నాడు. బ్యాగు చేతికిస్తే మనిషే మాయమైన కథలు కూడా వినిపించాయి. బ్యాంకు కౌంటర్లో మార్చుకుందామంటే మనిషికి నాలుగు వేలన్నారు, నాలుగున్నర చేశారు, రెండు వేలకు దించారు, 24వ తేదీతో అసలు మార్పిడే ఆపేశారు. తన ఖాతాలోనే వేసుకుంటే పన్నువాళ్లు అడుగుతారు. ఫ్లాటు డబ్బని నిజం చెబుదామన్నా వీల్లేదని ఆడిటరు తేల్చేశాడు. 2015 జూన్ నుంచి స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడం నిషేధం. తీసుకున్నంతా జరిమానాగా కట్టించుకునే సెక్షను ఉంది. “పైగా 48తో పూర్తిగా ముట్టిందని మీరే రాసిచ్చారు కదండీ” అన్నాడట ఆడిటరు. ఆ మాట ఆయన వినడం అప్పటికి మూడోసారి.

దాంతో నవంబరు చివర్లో, ఒక రాత్రి తొమ్మిదింటికి, వనస్థలిపురంలో అత్తగారింటి తలుపు కొట్టాడు. ఈ భాగం నాకు ఆవిడ తర్వాత చెప్పింది.

“అత్తయ్యా, బాగున్నారా?” అన్నాడట. రెండేళ్లుగా ఆ పిలుపు లేదు. పెద్దావిడ కంగారులో కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది. ఆవిడ అప్పుడే బ్యాంకునుంచి వచ్చి, నోట్ల కట్టలు లెక్కపెట్టి పెట్టి నల్లబడ్డ వేళ్లు కడుక్కుంటోంది.

“నీకంటే తెలిసినవాళ్లు ఎవరున్నారు? బ్యాంకులో ఉన్నావు” అని మొదలుపెట్టాడు. ఖాతాకు రెండున్నర లక్షల దాకా వేస్తే అడగరంటున్నారు. నీ ఖాతాలో రెండున్నర, అత్తయ్య ఖాతాలో రెండున్నర, మీ తమ్ముడివి, మరదలివి, మీ పిన్ని వాళ్లవి.

“మొత్తం ఎంతండీ?”

“ముప్ఫై ఆరు.”

“అంత నగదు మీ దగ్గరికి ఎలా వచ్చింది?”

ఆయన కాఫీ కప్పులోకి చూశాడు. “ఫ్లాటుదే. నీకు చెబుదామనే అనుకున్నా.”

ఆవిడ కోపం తెచ్చుకోలేదట. అరవలేదు, అమ్మను పిలవలేదు. చేతులు తుడుచుకుంటూ ఆలోచించి, “నాకిప్పుడు బుర్ర పనిచేయట్లేదండీ, పొద్దున్నుంచి కౌంటర్లో ఉన్నాను. ఎవరి ఖాతాలో ఎంత, ఎక్కడి డబ్బు, అంతా వివరంగా వాట్సాప్‌లో పెట్టండి. అమ్మకూ తమ్ముడికీ చూపించి కనుక్కుంటా” అంది.

ఆయన ఆటోలో వెళ్తూనే పెట్టాడు. కొండాపూర్ ఫ్లాటు మీద కొన్నాయన ఇచ్చిన నగదు 36 లక్షలు, దాన్ని పంచాల్సిన పదిహేను ఖాతాలు, పక్కన అంకెలు. చివర్లో రెండు చేతులు జోడించిన బొమ్మ. సాఫ్ట్‌వేరు మనిషి కదా, పట్టిక చాలా నీటుగా వేశాడు.

రెండు నీలం టిక్కులు పడ్డాయి. మర్నాడు జవాబొచ్చింది: ‘అమ్మ ఒప్పుకోలేదు. ఇలాంటివి చేస్తే నా ఉద్యోగం పోతుంది. ఏమీ అనుకోకండి.’

డిసెంబరు 17న సర్కారే ఒక దారి తెరిచింది. ప్రధానమంత్రి గరీబ్ కల్యాణ్ యోజన. పేరు విని తనలాంటి గరీబుల కోసమే పెట్టారనుకున్నాడేమో. లెక్క చూపని నగదు బ్యాంకులో వేసి, ఇంత ఉందని ఒప్పుకుంటే పన్ను, సర్‌చార్జి, జరిమానా అన్నీ కలిపి నూటికి 49 రూపాయల 90 పైసలు కట్టించుకుంటారు. ఇంకో పాతిక శాతం నాలుగేళ్లు వడ్డీ లేకుండా వాళ్ల దగ్గరే ఉంచుకుంటారు. ఒప్పుకోకుండా దొరికితే నూటికి డెబ్బై ఐదు పైనే. ఆడిటరు ఈ మూడు ముక్కలూ చెప్పి ఇంటికెళ్లి ఆలోచించుకోండన్నాడట. పాత నోట్లు బ్యాంకులో వేయడానికి డిసెంబరు 30 ఆఖరు. ఆలోచించుకోవడానికి ఆయనకు టైము లేదు. కట్టేశాడు.

భార్యకు సగం ఇవ్వాల్సి వస్తుందని దాచిన డబ్బులో సర్కారు సగం పట్టుకుపోయింది. ఇంతటితో కథ ముగుస్తుందిలే అనుకున్నాను నేను కూడా.

ఆరు నెలలు, వేసవి సెలవులు గడిచి 2017 జూన్‌లో రెండో వాయిదా వచ్చింది. ఆయనకు జూలైలో ప్రయాణం, టికెట్టు కొనేశాడు. కోర్టు వరండాలో ఆవిడ వకీలు ఒక కాగితం తీసి ఆయన వకీలు చేతిలో పెట్టాడు. ఆ పట్టికే, నీటుగా వేసింది. దాని వెనక నా దుకాణంలో టైపు చేసిన ఒప్పందం, ఆఖరి వాక్యం కింద పసుపు గీత. 18 లక్షలు ఇస్తే లోపలికొచ్చి ‘మా ఇష్టంతోనే’ అంటుంది. ఇవ్వకపోతే ఆవిడకు ఇంకా ఆలోచించుకోవాలని ఉంది.

మధ్యాహ్నానికి అందరూ నా దుకాణానికి వచ్చారు. సొమ్ము ముట్టినట్టు ఒక రసీదు, ఒప్పందానికి ఒక అనుబంధం రాయాలి. ఈసారి కుర్చీలు వాళ్లే జరుపుకున్నారు.

“సగం సర్కారే పట్టుకుపోయిందే! మిగిలిన సగంలో సగం అడుగు, తొమ్మిది ఇస్తాను. అందులోనూ తొమ్మిది లక్షలు నాలుగేళ్లు తాళంలో ఉన్నాయి” అని ఆయన చివరిసారిగా వాదించాడు.

“‘ముట్టిన మొత్తంలో సగం’ అని రాసుకున్నామండీ. పన్ను పోగా అని లేదు” అంది ఆవిడ. “నిజం ధర రాసి ఉంటే ఈ పన్ను మాత్రం ఎక్కడిది?”

ఆయన ఫోను తీశాడు. వైటులో వచ్చిన 24 లక్షల్లోంచి 18 ఆవిడ ఖాతాకు పంపాడు. ఆవిడ ఫోనులో సందేశం మోగింది. అంకె చూసుకుని, రసీదు మీద సంతకం పెట్టింది. నేను ప్రింటు తీసుకొచ్చేసరికి ఆయన ఒక పాత చలానా వెనక్కి తిప్పి కలంతో లెక్క వేస్తున్నాడు. 36,00,000. అందులోంచి 17,96,400. అందులోంచి 18,00,000. గీత గీశాడు. గీత కింద 3,600 అని రాశాడు. తప్పేమోనని మళ్లీ వేశాడు. 3,600 మళ్లీ వచ్చింది.

కాసేపటికి తలెత్తి, “మీ ఫీజెంత రైటర్ గారూ?” అన్నాడు.

“నాలుగు వేలు సార్.”

ఆయన ఆ చలానా వైపు చూశాడు. నా వైపు చూశాడు. ఆవిడ అప్పటికే హ్యాండ్‌బ్యాగు తెరిచింది. గులాబీ రంగు కొత్త రెండు వేల నోటు ఒకటి తీసి నా బల్ల మీద పెట్టింది.

“నా సగం” అంది.